అన్నం పెట్టినోళ్ల పేర్లు

పాల్వంచల మా అబ్బకు, అంటే మా నాయినకు, కిరాయి సైకిళ్ల దుకాణం ఉండె. షిఫ్టు దిగినోళ్లు, షిఫ్టుకు పోయేటోళ్లు, బస్సు దొరకనోళ్లు పొద్దంత వచ్చి సైకిళ్లు తీసుకపోతుండిరి. ఎవరు తీసుకపోయిండో పుస్తకంల రాసుడు నా పని. పేరు, తండ్రి పేరు, ఉండే ఇల్లు, తెలిసినోళ్లు ఎవరు, ఏ తొవ్వల పోతున్నడు. ఒక్కటి వదిలిపెట్టినా సైకిల్ పోయినట్టే అని చిన్నప్పటి సంది అబ్బ నా నెత్తికెక్కించిండు. ఆ అలవాటే కొంప ముంచింది. నా కొంప గాదు, ఇంకొకరిది. ఇది ముందే చెప్తున్న, చదువుకుంట పోయి నన్ను మంచోడని అనుకోవద్దని.

ఎనభైల మొదట్ల డిగ్రీ అయిపోయి, నౌకరి లేక, దుకాణంల పంక్చర్లు వేసుకుంట ఉన్నప్పుడు మేం అయిదుగురం కలిసి యువజన సంఘం పెట్టుకున్నం. సంఘం కార్యదర్శి వైరా దిక్కు రైతుబిడ్డ. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నరు, అందుకే వానిది కొంచెం ఆ దిక్కు మాట. మొదట్ల మాకు సేవ అంటే ఏందో తెల్వదు. జెండా పండుగ నాడు బడి ఊడ్చుడు, పల్లెల్ల సున్నం వేసుడు, గంతే. తర్వాత అడవి శాఖ నర్సరీల మొక్కలు ఉత్తగనే ఇస్తున్నరంటే తీసుకొచ్చి ఎక్కడ జాగా కనిపిస్తే అక్కడ పెట్టినం. సగం మేకలు తిన్నయి, సగం ఎండిపోయినయి.

గట్ల తిరుక్కుంట తిరుక్కుంట భద్రాచలం తొవ్వ దిగి, అడవి అంచుకు ఒక కోయగూడెం చేరినం. ముప్పై ఇండ్లు లేవు. ఊరి పక్కన వాగు. ప్రతి వానకాలం ఆ వాగు గట్టును కోసుకుంట ఊరి చేన్లల్లకు వస్తుండె. ఊరి పెద్ద చేను సగం అప్పటికే వాగుల కలిసింది. ఆయన్ని మేం తాత అనేది. సన్నటి మనిషి, నడుముకు గోచి, చెవులకు పోగులు. మేం పోయి, వాగు ఒడ్డుకు కానుగ మొక్కలు పెడతం తాత అంటే, పెట్టండి అన్నడు. పెట్టినం. మొదటి వానకే అన్నీ కొట్టుకపోయినయి. తాత ఒడ్డున కూసోని నవ్విండు. ముందల రాళ్లు పేర్చాలె, రాళ్ల వెనక వెదురు పెట్టాలె, వెదురు వేరు మట్టిని పట్టుకున్నంక మీ కానుగలు మీ ఇష్టం అన్నడు. ఆ మాట ముందే చెప్పొచ్చు గద అని నేను గరమైతే, మీరు అడగలే గద అన్నడు.

మూడేండ్లు ఆ పని చేసినం. శనివారం సైకిళ్ల మీద పోయి, రోడ్డు అయిపోయిన కాడ సైకిళ్లు పెట్టి, అడవిల నడిచి పోయేది. ఆదివారం పొద్దుగూకే దాక రాళ్లు మోసేది. నాకు చేతులు పగిలినయి, గోర్లు ఊడినయి, కానీ ఆ మూడేండ్లల్ల నేనున్నంత ఖుషీగ మళ్లెప్పుడూ లేను. తాత ఇంట్లనే తినేది, పండేది. అవ్వ, అంటే తాత భార్య, జొన్న జావ పోసేది, ఎన్నడన్న చింతచిగురు కూర. పొద్దుగూకినంక ఆ వాకిట్లకు ఎవరొచ్చినా ముందల ఆకు పడేది. అడవిల తుపాకులు పట్టుకోని తిరిగేటోళ్లను మా దిక్కు లోపలోళ్లు అనేది. వాళ్లొచ్చినా గంతే, ఆకు పడేదని మాకు తెలుసు. మేం వాళ్లను చూడలే. తాత చెప్పలే, మేం అడగలే. అడవి అంచు ఊర్లల్ల అట్లనే బతుకుతరు.

మూడో ఏడు ఖమ్మంల కొత్త యువజన అధికారి వచ్చిండు. మంచోడే. పాత స్కూటర్ మీద పల్లెపల్లె తిరిగేటోడు. ఒకనాడు మమ్మల్ని పిలిచి సర్కారు కాయిదం చూపించిండు. చెట్లు పెట్టే పని చేసే యువజన సంఘాలకు సర్కారే మదత్ చేస్తదట. జర్మనీ నుంచి పది మంది పిల్లలు వచ్చి ఇరవై రోజులు మనతోని కలిసి పని చేస్తరట. తర్వాత మనోళ్లు ఇద్దరు అక్కడికి పోయి ఒక నెల వాళ్ల అడవులల్ల పని చేసి రావాలట. ఖర్చు మొత్తం సర్కారుదే. మన జిల్లాకు ఇది మొదటిసారి అన్నడు. మీ వాగు పని చూసినంక నాకు వేరే సంఘం మీదికి మనసు పోతలేదు, దరఖాస్తు గట్టిగ రాయండి అన్నడు.

దరఖాస్తుల ఒక గడి ఉండె. చేసిన సేవ, చేసిన చోటు, సహకరించిన స్థానికులు. అందరూ ఆ గడిల రెండు ముక్కలు రాస్తరు. నేను ఆరు పేజీలు రాసిన. కిరాయి సైకిళ్ల పుస్తకం రాసినట్టే రాసిన. ఏ ఊరు, ఏ తొవ్వ, ఏ వారం, రాత్రి ఎవరింట్ల పండినం, ఎవరు అన్నం పెట్టిన్రు, వాళ్ల పేరు, ఇంటిపేరు, ఊర్ల ఇల్లు ఏ దిక్కు.

"ఎందుకురా అంత రాస్తున్నావు? ఎవడు చదువుతాడు?" అన్నడు కార్యదర్శి.

"చదవనీ చదవకపోనీ. మనకు పెట్టినోళ్ల పేర్లు పైకి పోవాలె" అన్న నేను. అన్నం పెట్టినోళ్ల రుణం గట్ల తీరుతదనుకున్న. నా బుద్ధి గడ్డి తిన్నది.

అంతటితోని ఊకున్ననా, లేదు. ఆ ఆదివారం పోయి తాతకు చదివి వినిపించిన. ఆయన గొడ్డలి నూరుకుంట విన్నడు.

"నా పేరెందుకు అయ్యా అండ్ల?"

"ఢిల్లీ దాక పోతది తాత. జర్మనీ గూడ పోతది."

"అక్కడోళ్లకు నాతోని ఏం పని?"

"నువ్వు మాకు అన్నం పెట్టినవని తెలుస్తది."

"అన్నం పెట్టుడు గూడ రాసుకుంటరా?" అని నవ్విండు. అవ్వకు కోయభాషల చెప్తే ఆమె గూడ నవ్వింది.

ఆ జర్మనీ కార్యక్రమం మా సంఘానికే వచ్చింది. పోయే ఇద్దరిల నా పేరు ఒకటి. పాస్‌పోర్టు గావాలంటే నడవడిక మంచిదని పోలీస్ స్టేషన్ నుంచి సర్టిఫికెట్ గావాలె. పిలిస్తే పోయిన. ఎస్సై నా కంటె నాలుగైదేండ్లు పెద్దోడు ఉంటడు. కుర్చీ వేయించిండు, చాయ్ తెప్పించిండు. బల్ల మీద నా ఆరు పేజీలు ఉన్నయి, విచారణ కాయిదాలతోని కలిసి వచ్చినయట.

"చేతిరాత ముత్యాల లెక్క ఉంది తమ్ముడూ. ఇన్ని ఊర్లు తిరిగినారా మీరు?"

"అవ్ సార్."

"భయం వేయలేదా?"

"భయమెందుకు సార్, మంచోళ్లు. ఎవరు పోయినా అన్నం పెడతరు."

ఆ మాట నేనే అన్న. నా నోటితోనే అన్న. ఎవరు పోయినానా అని ఎస్సై మళ్ల అడిగిండు. ఎవరు పోయినా సార్ అన్న. వానకాలం వాగు నిండితే ఎట్ల పోతారు అని అడిగిండు. నేను ఆయన పెన్ను తీసుకోని, కాయిదం మీద తొవ్వ గీసి చూపించిన. వాగు ఇది, బండ ఇది, ఇక్కడ దాటితే మోకాళ్ల లోతే, ఇక్కడ్నుంచి ఎడమకు తిరిగితే తాత ఇల్లు. రెండు వారాలల్ల జర్మనీ పిల్లలు వస్తరు, వాళ్లను గూడ ఇదే తొవ్వల తీసుకపోతం అని చెప్పిన. సంతోషం అన్నడు. చేతులు కలిపి పంపిండు. బయటికొచ్చి ఈలవేసుకుంట సైకిల్ ఎక్కిన.

పదో రోజు అవ్వ మా దుకాణం ముందటికొచ్చి నిలబడ్డది. అడవి నుంచి పాల్వంచ దాక నడిచొచ్చింది. కాళ్ల నిండ దుమ్ము.

"జీపుల ఎక్కించుకపోయిన్రు" అన్నది.

"ఎవర్ని అవ్వా?"

"ఆయన్ని. పొద్దున్నే వచ్చిన్రు. వాగు నిండ నీళ్లున్నయి, అయినా దాటొచ్చిన్రు. మా ఇంటికే సక్కగ వచ్చిన్రు, ఎవర్ని అడగలే. నువ్వు చదువుకున్నోనివి. పోయి అడుగు అయ్యా."

నా చేతిల పానా జారి కింద పడ్డది. అబ్బ అవ్వను కూసోబెట్టి చాయ్ ఇచ్చి, నన్ను దుకాణం వెనకకు పిలిచిండు.

"ఏం రాసినవ్ ఆ దరఖాస్తుల?"

చెప్పిన. మొత్తం చెప్పిన, తొవ్వ గీసింది గూడ. అబ్బ దుకాణంలకు పోయి కిరాయి పుస్తకం తెచ్చి నా ముందట పెట్టిండు.

"ఇన్నేండ్లల్ల ఎంతమంది పోలీసు జవాన్లు వచ్చి మన పుస్తకం అడిగిన్రు? ఒక్కసారన్న ఇచ్చిన్నా? చెప్పు బేటా, ఇచ్చిన్నా? రాసుకునుడు మన భద్రం కోసం. ఇంకోనికి ఇచ్చుటానికి గాదు. ఇది గూడ నేను నేర్పాల్నా నీకు?"

కొట్టిండనుకుంటరేమో, కొట్టలే. కొడితే కొంచెం నయంగ ఉండేది.

స్టేషన్‌కు ఉరికిన. ఎస్సై ఈసారి కుర్చీ వెయ్యలే. "ముసలోడు మొండోడు. అడిగినదానికి జవాబు చెప్తే ఇయ్యాలనే పంపిస్త. నోరే తెరుస్తలేడు" అన్నడు. తాత మా పని చూసుకున్న మనిషి సార్, ఆయనకు ఏం తెల్వదు సార్ అని చేతులు జోడించిన. కాళ్లు గూడ మొక్కిన. ఆయన లేచి లోపలికి పోయిండు. వరండాల నిలబడి లోపటికి వినపడాలని, "తాతా, అడిగింది చెప్పు, చెప్పి ఇంటికి పోదాం రా" అని గట్టిగ అరిచిన. జవాను వచ్చి మెడ పట్టుకోని బయటికి నూకిండు.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు తాత మీద గూడ కోపం వచ్చింది. లోపలోళ్లు ఒకపూట జావ తాగి పోయిన్రు, ఆ మాట చెప్తే ఏం పోతది, వాళ్లు ఎప్పుడో ఎల్లిపోయి ఉంటరు, వాళ్ల కోసం ఈ ముసలాయన ఎందుకు చస్తున్నడు అనుకున్న. రోడ్డు మీద నడుచుకుంట ఆయన్ని తిట్టిన గూడ. ఆ తిట్లు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నయి.

బస్సెక్కి ఖమ్మం పోయి యువజన అధికారి ముందట ఏడ్చిన. ఆయన లేచి పోయి తలుపు దగ్గరికేసి వచ్చిండు. వచ్చే సోమవారం జర్మనీ పిల్లలు దిగుతున్నరు. ఇప్పుడు ఈ సంగతి బయటికొస్తే క్యాంపు పోతది, మళ్ల ఇరవై ఏండ్లు ఈ జిల్లాకు ఏ కార్యక్రమం రాదు, మీలాంటి ఎన్ని సంఘాలున్నయి, వాళ్లందరి నోటికాడిది పోతది అన్నడు. పైవాళ్లతోని మాట్లాడిండు. మర్నాడు నాతోని చెప్పిండు. "క్యాంపు అయ్యేదాక మీరు నోరు మెదపొద్దు. అయిన మర్నాడు పెద్దాయనను ఇంటికి పంపిస్తరు. నాకు మాటిచ్చిన్రు. మీరు గొడవ చేస్తే మాత్రం కేసు రాసి వరంగల్ జైలుకు పంపుతరు, ఇగ నా చేతిల ఏం ఉండదు."

ఇరవై రోజులు. ఏం చెయ్యాలె నేను? వకీలు దగ్గరికి పోదామంటే కార్యదర్శి వద్దన్నడు. మాట ఇచ్చారు కదరా, నమ్ముదాం అన్నడు. నాక్కూడ నమ్మాలనే ఉండె. నమ్మితే ఏం చెయ్యకున్నా నడుస్తది గద.

క్యాంపును గూడెం నుంచి మార్చి వైరా రిజర్వాయర్ కట్ట కింద పెట్టిన్రు. వాగుల నీళ్లు ఎక్కువున్నయని జర్మనీ వాళ్లకు చెప్పిన్రు. పాపం, ఆ పిల్లలు మంచోళ్లు. ఎండకు చర్మం ఎర్రబడి పొక్కులు లేస్తున్నా గుంతలు తవ్విన్రు. మాతోపాటు పప్పన్నం తిన్నరు, పచ్చిమిరపకాయ కొరికి ఏడ్చిన్రు, నవ్విన్రు. నేను గూడ నవ్విన. పొద్దున పాల్వంచల బస్సెక్కేటప్పుడు అవ్వ మా దుకాణం ముందట కూసోని ఉండేది. మళ్ల సాయంత్రం దిగేసరికి అక్కడనే ఉండేది. మా అమ్మీ అన్నం పెడితే తినేది, పెట్టకుంటే అడిగేది గాదు. ఎప్పుడు విడుస్తరయ్యా అనేది. ఇంక పన్నెండు రోజులు అవ్వా. ఇంక తొమ్మిది రోజులు అవ్వా. ఏ లెక్కన చెప్తున్ననో ఆమెకు తెల్వదు, చెప్పే ధైర్యం నాకు లేదు. కట్ట కింద గడ్డపార దించినప్పుడల్లా ఈ టైంకు తాతను ఏం చేస్తున్నరో అనుకునేది.

ఆఖరి వారం ఒక జర్మనీ పిల్ల నా దగ్గరికొచ్చింది. మా దరఖాస్తు వాళ్ల భాషలకు మార్చి ముందే పంపిన్రట. నేను రాసిన ఆరు పేజీలు ఆమె చదివింది. మిగతావాళ్ల కాయిదాలల్ల లెక్కలే ఉన్నయి, నీ దాంట్ల మనుషులు ఉన్నరు, అది చదివే నేను ఈ దేశం వచ్చిన అన్నది. తాత పేరు, ఇంటిపేరుతో సహా, తన భాష యాసల చక్కగ పలికింది. మీకు వెదురు పెట్టుడు నేర్పిన ఆ ముసలాయనను చూడాలె, ఎక్కడున్నడు అని అడిగింది.

యువజన అధికారి పక్కనే నిలబడ్డడు. ఆయన నన్ను చూడలే, నీళ్ల దిక్కు చూస్తున్నడు. ఒక్క మాట చాలు. ఆ పిల్ల విన్నదంటే ఊకునేది గాదు, రేపటికల్లా ఢిల్లీల వాళ్ల ఆఫీసుకు తెలిసేది. తాత బయటికి రావచ్చు. కేసు రాసి ఎటో పంపెయ్యవచ్చు. రెండిట్ల ఏదైతదో నాకు తెల్వదు. అది ఆలోచించే ఆగిన అని చానా ఏండ్లు నాకు నేనే చెప్పుకున్న. కానీ ఆ నిమిషంల నా మనసుల నా పాస్‌పోర్టు గూడ ఉన్నది. ఉన్నది, ఎందుకు దాచాలె.

"ఊర్ల లేడు. సుట్టాల ఇంటికి పోయిండు" అన్న, నాకొచ్చిన ఇంగ్లీషుల.

అయ్యో, నా నమస్కారం చెప్పు అన్నది ఆమె. చెప్త అన్న.

క్యాంపు అయిపోయింది. మాట ప్రకారమే తాతను విడిచిపెట్టిన్రు, కాకుంటే ఇంటికి గాదు, భద్రాచలం దవాఖానకు చేర్చి పోయిన్రు. నా సర్టిఫికెట్ గూడ ఆ వారమే వచ్చింది. నడవడిక సంతృప్తికరం అని రాసి ఉన్నది. జర్మనీకి నేను పోలేదు. అదేదో త్యాగం అనుకునేరు, గాదు. ఆ కాయిదం తీసుకపోయి కిరాయి పుస్తకంల పెట్టిన, మళ్ల బయటికి తియ్యలే, గంతే. నా బదులు కార్యదర్శి పోయొచ్చిండు.

దవాఖానల మంచాలు లేవు. తాత వరండాల చాప మీద పండుకోని ఉన్నడు. రెండు అరికాళ్లకు పట్టీలు. కుడిచేతి వేళ్లు వంగుతలేవు. ఆయన అంత చిన్నగ ఉంటడని నాకు అప్పటిదాక తెల్వదు. అవ్వ పక్కన కూసోని తువ్వాలుతోని ఈగలు కొడుతుంది. నన్ను చూసి తాత మెల్లగ పక్కకు జరిగి చాప మీద నాకు జాగా ఇచ్చిండు. కూసున్న. నా చెయ్యి పట్టుకోని అటూ ఇటూ తిప్పి చూసిండు.

"నిన్ను గూడ కొట్టిన్రా?"

"లేదు తాత."

"మిగతా నలుగుర్ని?"

"లేదు."

గట్టిగ గాలి పీల్చి వదిలిండు.

"నీ పేరు చెప్పలే అయ్యా. మీ అయిదుగురిల ఒక్కని పేరు చెప్పలే. నీ ఇంటికి ఎవరొస్తరు, ఎవరు తింటరు అని అడిగిన్రు. ఎవరూ రారు అన్న. వాళ్ల చేతిల ఏదో కాయిదం ఉండె, అది చూసి నీది అబద్ధం అని కొట్టిన్రు. మళ్ల అడిగిన్రు. ఎవరూ రాలే అన్న. అన్ని దినాలు అదే మాట అన్న. నువ్వొకసారి బయటినుంచి చెప్పు చెప్పు అని అరిచినవ్ చూడు, నిన్ను పట్టుకొచ్చి కొట్టి అరిపిస్తున్నరనుకున్న. అప్పుడు ఇంక గట్టిగ నోరు మూసుకున్న. చదువుకున్న పిల్లలు మీరు. మీకు నౌకర్లు రావాలె. మీ పేరు వాళ్ల నోట్ల పడితే ఇంక మీకు ఏమొస్తది?"

అవ్, ఆ పట్నం పిల్లలు వచ్చిన్రు, రాళ్లు మోసిన్రు, తిని పోయిన్రు అని ఒక్క మాట అంటే చాలు, ఆ దెబ్బల్ల సగం ఆయన మీద పడేవి గావు. అదంతా వాళ్లకు ముందే తెలుసు, నేనే రాసిచ్చిన. తెలిసిన సంగతిని దాచినందుకు ఆయన్ని కొట్టిన్రు. లోపలోళ్ల కోసం గాదు, మా కోసం దాచిండు.

ఆ కాయిదం నేను రాసిందే అని చెప్పాలని నోరు తెరిచిన. పొద్దటి సంది నీ గురించే అడుగుతుండు అన్నది అవ్వ. నువ్వు మంచిగున్నవని చూసిండు గద, ఇగ ఇప్పుడన్న నిమ్మలంగ పండుకుంటడు అన్నది. తాత నా చెయ్యి విడవకుండనే కండ్లు మూసుకున్నడు.

తర్వాత ఆయన నాలుగేండ్లు బతికిండు. చేన్లకు పోలే, కర్ర పట్టుకోని వాకిట్ల దాక నడిచేటోడు. నేను నెలకు ఒకసారన్న పోయేది. పోయినప్పుడల్లా ఆయన నన్ను పక్కన కూసోబెట్టుకోని, ఈ పిల్లగాని పేరు నేను చెప్పలే అని ఊరోళ్లందరికి చెప్పేటోడు. నేను తల వంచుకోని వింటుండేది.